తీరం వెంట సఫారీ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నందువల్ల కాబోలు, సముద్రతీర యాత్రల గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. సముద్రస్నానం, పడవ షికారు, పక్షులు, తాబేళ్లు అన్నీ ఒకే ప్రయాణంలో చూడాలన్న కోరిక దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఉంది. వాటిలో ఐదింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: జనవరిలో మూడు రోజులు సెలవు పెట్టి మా అత్తమామలతో, ఇద్దరు పిల్లలతో తీరప్రాంతానికి వెళ్లాలనుకుంటున్నాము. పిల్లలకు ఇసుకలో ఆటలు కావాలి. మామగారికి పక్షులంటే ఇష్టం. అత్తగారికి పడవ ఎక్కాలంటే భయం. ఒక ట్రావెల్ ఏజెంటు కాకినాడ, యానాం, అంతర్వేది, విశాఖపట్నం నాలుగూ మూడు రోజుల్లోనే చూపిస్తామంటున్నారు. అది కుదిరే పనేనా? గైడు తప్పనిసరిగా ఉండాలా?
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

సమాధానం: కుదరకపోదు గానీ, ఆ పట్టిక ప్రకారం తిరిగితే మీ పిల్లలు సముద్రాన్ని కన్నా జాతీయ రహదారినే ఎక్కువసేపు చూస్తారు. కాకినాడ నుంచి విశాఖపట్నం దాదాపు 150 కిలోమీటర్లు. అంతర్వేది అందుకు పూర్తిగా అటువైపు, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉంది. మూడు రోజులకు ఒక్క నదీముఖం చాలును. కాకినాడలో బస చేసి, కోరంగి అభయారణ్యాన్నీ కాకినాడ తీరాన్నీ తీరిగ్గా చూడడమే మీ కుటుంబానికి అన్ని విధాలా అనువుగా ఉంటుంది.

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ప్రాంతంలో, కాకినాడ నుంచి యానాం వెళ్లే దారి పక్కన ఉన్న కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఉప్పునీటిలోనూ బురదలోనూ బతకగలిగిన తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, ఉప్పు పొన్న వంటి చెట్లతో అల్లుకుపోయిన అడవి అది. బురదలో గాలి ఆడదు కనుక మడ చెట్లు తమ శ్వాసవేర్లను నేలలోంచి పైకి పంపుతాయి; పాటు సమయంలో, అంటే సముద్రపు నీరు వెనక్కి తీసినప్పుడు, అవి వేల సంఖ్యలో మేకుల్లా నిలబడి కనిపిస్తాయి. ఈ అడవి లోపలికి చెక్కలతో నడకదారి వేశారు. మీ అత్తగారు పడవ ఎక్కనవసరం లేకుండానే మడ చెట్ల మధ్యకు వెళ్లి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారు ఆ దారిలో కొంత దూరం నడిచి ఆగిపోయినా వారు చూడవలసినదేమీ తగ్గదు, ఎందుకంటే బురద మీద గెంతే మడ్‌స్కిప్పర్ చేపలు, ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండి దాన్ని ఊపుతూ తిరిగే చిన్న పీతలు మొదటి మలుపు నుంచే కనిపిస్తాయి.

తేదీ ఖాయం చేసే ముందు హోటల్ గదుల కన్నా, రైలు టికెట్ల కన్నా ముందుగా చూడవలసింది పోటుపాట్ల వేళలు. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ తీరప్రాంతాల పోటుపాట్ల అంచనాలనూ, అలల హెచ్చరికలనూ అందరికీ అందుబాటులో ఉంచుతుంది. పాటు సమయంలో నీరు తీసి బురదనేల బయటపడుతుంది కనుక ఉల్లంకి పిట్టలు, కొంగలు మేతకు దిగుతాయి. మీ మామగారు చూడవలసిన వేళ అదే. పడవకు మాత్రం పాయల్లో నీరు కావాలి, అంటే పోటు ఎక్కుతూ ఉండాలి. కాబట్టి అభయారణ్యంలోకి ప్రవేశం ఇచ్చే తొలి గంటల్లో పాటు ఉండి, ఆ తరువాత పోటు మొదలయ్యే రోజును ఎంచుకుంటే, ముందు నడకదారి, తరువాత పడవ అన్న క్రమం చక్కగా అమరుతుంది. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతాయి. అంటే సోమవారం ఉదయం 8 గంటలకు పాటు ఉంటే, గురువారానికి అది పదిన్నర అవుతుంది. పంచాంగం చూసే అలవాటున్న ఇంట్లో ఇది చెప్పడం తేలిక: అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటూ పాటూ రెండూ బలంగా ఉంటాయి, అష్టమి దరిదాపుల్లో రెండూ మందగిస్తాయి. ప్రవేశ వేళలు, పడవలు నడిచే రోజులు అటవీశాఖ నిర్ణయిస్తుంది కనుక బయలుదేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

గైడు విషయంలో నా అభిప్రాయం స్పష్టం: తప్పకుండా ఉండాలి, ఆ మనిషి ఆ పాయల పక్క ఊరివాడై ఉండాలి. కోరంగిలో అటవీశాఖ ఆధ్వర్యంలో చుట్టుపక్కల గ్రామస్థుల కమిటీల ద్వారా ఈ పని చేయిస్తున్నారు. చేపల వేట చేసి బతికిన కుటుంబాల వారికి ఏ మలుపులో నీటికుక్కలు ఒడ్డెక్కుతాయో, ఏ కొమ్మ మీద లకుముకి పిట్ట వాలుతుందో తెలిసినంతగా నగరం నుంచి వెంట వచ్చే టూరు మేనేజరుకు తెలియదు. బావురుపిల్లిని చూపిస్తామని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం నమ్మకండి. చేపలు పట్టుకు తినే ఆ పిల్లి కోరంగిలో ఉన్నమాట నిజమే గానీ, అది రాత్రివేళ తిరిగే జంతువు, మనిషి అలికిడికి తప్పుకుంటుంది. బురదలో దాని అడుగుజాడలు చూపించగలిగిన గైడు మంచి గైడే. కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు అని ముందే చెప్పే వ్యక్తిని, పక్షులు ఎగిరేటట్టు పడవను మీదికి పోనివ్వమంటే కాదనే వ్యక్తిని ఎంచుకోండి.

పడవ ఎక్కే ప్రతి ఒక్కరికీ, ఆరేళ్ల పిల్లకైనా అరవై ఏళ్ల పెద్దకైనా, సరిపోయే కొలతలో లైఫ్ జాకెట్ ఉండాలి. అది ఒడిలో పెట్టుకోవడానికి కాదు, బిగించి కట్టుకోవడానికి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల కొలతకు జాకెట్ లేదంటే, ఆ రోజుకు నడకదారితో తృప్తిపడండి.

మూడో రోజుకు హోప్ ఐలాండ్‌ను పెట్టుకోవచ్చు. గోదావరి మోసుకొచ్చిన ఇసుక పేరుకుని గడచిన రెండు శతాబ్దాల్లో పెరిగిన పొడవాటి దిబ్బ అది. దాని పొడవు రమారమి 16 కిలోమీటర్లు. కాకినాడ రేవుకు సముద్రపు పెద్ద అలలు తగలకుండా ఆపేది అదే. అక్కడికి పడవలు అనుమతిని బట్టి, గాలిని బట్టి నడుస్తాయి, కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకండి. వెళ్లగలిగితే తాగునీరు, టోపీలు వెంట ఉండాలి, నీడ దొరకదు. వెళ్లలేకపోతే కాకినాడ బీచ్‌లో పిల్లలు సాయంత్రం దాకా ఇసుకలో ఆడుకుంటారు. ఉప్పాడ వైపు కారులో వెళ్లి రావడం బాగుంటుంది గానీ, సముద్రం కోసేస్తున్న ఆ తీరంలో అడ్డుగా వేసిన రాళ్ల మధ్య స్నానానికి దిగడం మంచిది కాదు. ఇక తేదీల మాట: సంక్రాంతి నాలుగు రోజులూ గోదావరి జిల్లాల్లో గది దొరకడం కష్టం, దొరికినా ధర రెట్టింపు. పండుగ వెళ్లిన వారం తరువాత రండి.

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటాము. డిసెంబరు చివరి రెండు వారాలు విశాఖపట్నంలో మా అమ్మగారింట్లో గడుపుతాము. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడం మా పిల్లలకు చూపించాలని ఉంది. ఒడిశాలో లక్షల సంఖ్యలో తాబేళ్లు ఒకేసారి వస్తాయని విన్నాము. అక్కడికి వెళ్లాలా, విశాఖలోనే చూడవచ్చా?
(ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

సమాధానం: మీరు వచ్చే సమయానికి తాబేళ్లు ఇంకా సముద్రంలోనే ఉంటాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెడతాయి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కనుక పిల్లలు బయటికి రావడం ఫిబ్రవరి చివర మొదలై మే వరకు సాగుతుంది. ఎవరైనా డిసెంబరు చివర తాబేళ్ల సఫారీ అని ప్యాకేజీ అమ్మితే, కొనకండి.

ప్రయాణాన్ని మార్చుకోగలిగితే మార్చి నెలను ఎంచుకోండి. ఆంధ్ర తీరంలో శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు తాబేళ్లు విడివిడిగా, రాత్రివేళ ఒడ్డుకు వస్తాయి. ఒక తల్లి ఇసుకలో గొయ్యి తవ్వి సుమారు వంద గుడ్లు పెట్టి, కప్పి, మళ్లీ తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. కుక్కలు, నక్కలు ఆ గుడ్లను తవ్వి తినేస్తాయి కాబట్టి, అటవీశాఖ వారు, స్వచ్ఛంద సంస్థల వారు, మత్స్యకార యువకులు కలిసి తెల్లవారకముందే గుడ్లను సేకరించి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో అదే లోతులో మళ్లీ పూడ్చిపెడతారు. విశాఖలోనూ అటువంటి కేంద్రం ఉంది. పిల్లలు బయటికి వచ్చినప్పుడు ఉదయాన్నే సిబ్బంది వాటిని ఇసుక మీద వదులుతారు, అవి వాటంతట అవే నీటిలోకి పాకుతూ వెళతాయి. చిన్నపిల్లలున్న కుటుంబానికి రాత్రంతా తీరం వెంట నడిచి గుడ్లు పెట్టే తల్లి కోసం వెతకడం కన్నా, అటవీశాఖ అనుమతితో ఇది చూడడమే నయం. గూటిలోని ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడదో మగదో నిర్ణయమవుతుందన్న విషయం మీ పిల్లలకు చెప్పండి. అది విన్న పిల్లలు అడిగే ప్రశ్నలకు అక్కడి సిబ్బంది దగ్గర నా దగ్గర కన్నా మంచి సమాధానాలు ఉంటాయి.

ఒడిశా విషయానికొస్తే, లక్షల్లో తాబేళ్లు ఒకేసారి ఒడ్డుకు చేరే చోట్లు ప్రధానంగా రెండు: కేంద్రపారా జిల్లాలోని గహీర్మథా, గంజాం జిల్లాలోని రుషికుల్యా నదీముఖం. గహీర్మథా 1997 నుంచి సముద్ర అభయారణ్యం. మీకు దగ్గరైనది రుషికుల్యా. 2025 ఫిబ్రవరిలో అక్కడ ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అయితే అవి ఏ రాత్రి వస్తాయో వారం ముందు కూడా ఎవరూ చెప్పలేరు, కొన్ని ఏళ్లలో మూకుమ్మడిగా రానే రావు. గుడ్లు పెట్టే రోజుల్లో కంచెలు వేసి, జనాన్ని దూరంగా ఉంచుతారు కూడా. అమెరికా నుంచి విమానం టికెట్ కొని దాని కోసమే రావడం నా దృష్టిలో వివేకం కాదు. విశాఖలో నెల రోజులు ఉండేవారైతే, సంచి సర్దిపెట్టుకుని కబురు కోసం ఎదురుచూడవచ్చు. గంజాం తీరంలోని మత్స్యకార పల్లెల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, కనుక అక్కడ మీకు భాష ఇబ్బంది రాదు.

ఎక్కడికి వెళ్లినా టార్చి, ఫోన్ ఫ్లాష్ వెలిగించకండి. వెలుతురు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. తాబేలు పిల్లలైతే సముద్రపు మెరుపును గుర్తుగా పెట్టుకుని నీటివైపు సాగుతాయి కాబట్టి, ఒడ్డు మీది దీపాలను చూసి అటు వెళ్లిపోయి ఎండిపోతాయి. ఈ తాబేలుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలు కింద రక్షణ ఉంది. దాన్ని పట్టుకుని ఫోటో దిగడం నేరం. మరొక మాట కూడా ముందుగా చెప్పాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన తీరంలో చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి. తాబేలు గాలి పీల్చడానికి నీటి పైకి రావాలి. ట్రాలర్ల వలల్లో చిక్కుకుంటే ఊపిరాడక చనిపోతుంది. వలలో తాబేలు తప్పించుకునే మార్గం అమర్చే పరికరాలు ఉన్నా, వాటిని వాడేవారు తక్కువ. మీ పిల్లలు ఆ కళేబరాన్ని చూసి అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకుని ఉండండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, చెన్నైలో స్థిరపడ్డాను. ఎక్కువ దూరం నడవలేను. పులికాట్‌లో ఫ్లెమింగోలను చూడడానికి ఎప్పుడు వెళ్లాలి? మా మనుమడు డ్రోన్ తెస్తానంటున్నాడు.
(ఒక పాఠకుడు, చెన్నై)

సమాధానం: నడవలేని వారికి ఇంతకన్నా అనువైన చోటు మన తీరంలో మరొకటి లేదు. చిలికా తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు ఆ సరస్సు మధ్యలోంచే పోతుంది. కారు పక్కకు ఆపి, దిగకుండా, బైనాక్యులర్‌తో ఇరువైపులా చూడవచ్చు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. ఈశాన్య రుతుపవనాల వాన తక్కువైన ఏడాది నీరు త్వరగా తీసేస్తుంది, పక్షులు దూరంగా జరిగిపోతాయి, కనుక ముందుగా సూళ్లూరుపేటలో ఎవరినైనా అడిగి బయలుదేరండి. ఉదయం సూర్యుడు మీ వెనుక ఉండేలా నిలబడితే రంగులు తెలుస్తాయి. అన్నీ గులాబీ రంగులో ఉంటాయని అనుకోకండి: ఫ్లెమింగోకు ఆ రంగు తిండిలోని పదార్థాల వల్ల క్రమంగా వస్తుంది, వయసు రాని పక్షులు బూడిద కలిసిన తెలుపులో ఉంటాయి.

అదే రోజు నేలపట్టు కూడా చూడండి. సూళ్లూరుపేటకు ఉత్తరంగా, దొరవారిసత్రం దగ్గర ఉన్న ఈ చిన్న రక్షిత కేంద్రంలో గూడబాతులు నీటిలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లలను పెంచుతాయి. చెరువు గట్టు మీద కాసేపు కూర్చుంటే చాలు, తల్లి గొంతు సంచిలో పిల్ల తలదూర్చి చేపలు తినడం కనబడుతుంది.

మనుమణ్ణి రమ్మనండి, డ్రోన్‌ను ఇంట్లో పెట్టి రమ్మనండి. అది తలమీదికి రాగానే మంద మొత్తం లేచిపోతుంది, వేల మైళ్ల దూరం నుంచి వచ్చి మేత మేస్తున్న ఇతర వలస పక్షులు కూడా దానితోపాటు ఎగిరి బలం పోగొట్టుకుంటాయి. పైగా పక్కనే అంతరిక్ష కేంద్రం ఉంది, అక్కడ డ్రోన్ ఎగరేస్తే పోలీసు స్టేషన్‌కు వెళ్లవలసి వస్తుంది.

ప్రశ్న: మేము ఆరుగురం ఇంజినీరింగ్ విద్యార్థులం. రుషికొండలో కయాకింగ్, స్కూబా చేసి, సముద్ర జీవులను కూడా చూడాలనుకుంటున్నాము. మాలో ఇద్దరికే ఈత వచ్చు. స్కూబా మరుసటి రోజు ఉదయం బెంగళూరుకు విమానం ఉంది. జాగ్రత్తలు చెప్పండి.
(ఒక పాఠకురాలు, విజయవాడ)

సమాధానం: ముందు విమానం సంగతి. నీటి లోతున పీడనం వల్ల శరీరంలో కరిగిన నత్రజని బయటికి పోవడానికి సమయం కావాలి, విమానం ఎక్కితే అది బుడగలు కట్టి ప్రమాదం తెస్తుంది. ఒక్కసారి మునిగినా కనీసం 12 గంటలు, ఒకటికి మించి మునిగితే 18 గంటలు ఆగాలని నిపుణులు చెబుతారు. మీరు 18 గంటల లెక్కే పెట్టుకోండి. మీ పట్టికలో స్కూబాను మొదటి రోజుకు తెచ్చి, కయాకింగ్‌ను చివరికి జరిపితే చిక్కు తీరిపోతుంది. ఉబ్బసం, చెవి బాధలు, జలుబు ఉన్నవారు ఆ విషయం శిక్షకుడికి దాచకుండా చెప్పాలి. ఆరోగ్య వివరాలు అడగకుండా పరికరం తగిలించేవారి దగ్గర మునగకండి.

రుషికొండ 2020లో బ్లూ ఫ్లాగ్ అనే, శుభ్రత, భద్రత ఉన్న తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు పొందిన బీచ్, అక్కడ కాపలా ఉంటుంది. గుర్తింపు వచ్చినంత మాత్రాన సముద్రం మారదు. విశాఖ తీరమంతటా ఒడ్డుకు వచ్చిన నీరు ఒక సన్నని దారిన వేగంగా వెనక్కి లాగే ప్రవాహాలు ఏర్పడుతుంటాయి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే ఖాళీయే ఆ దారి. కొత్తవారు స్నానానికి ఎంచుకునేది సరిగ్గా దాన్నే. అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఎదురీదినవారే అలిసిపోయి మునుగుతారు. తేలుతూ, చేయి ఎత్తి పిలుస్తూ, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత రాని నలుగురూ మోకాలి లోతు దాటవద్దు, కయాక్‌లో లైఫ్ జాకెట్ విప్పవద్దు. యారాడ వంటి చోట్ల అలలు మరీ ఉధృతం, అక్కడ ఇసుక మీద కూర్చుని చూడడమే మేలు.

సముద్ర జీవుల కోసం నీటిలో మునగవలసిన పనే లేదు. రుషికొండ నుంచి ఉత్తరంగా మంగమారిపేట దాకా తీరంలో రాళ్లున్న చోట్ల, బాగా పాటు తీసిన వేళ మడుగులు మిగులుతాయి. అమావాస్య, పౌర్ణమి తరువాతి ఒకటి రెండు రోజుల్లో అవి ఇంకా బాగా బయటపడతాయి. ఆ మడుగుల్లో సీ అనిమోన్లు, సన్యాసి పీతలు, ముళ్ల సీ అర్చిన్లు, అప్పుడప్పుడు రంగురంగుల సముద్రపు స్లగ్గులు కనిపిస్తాయి. తెలిసినవారి వెంట వెళ్లండి. జారని బూట్లు వేసుకుని, సముద్రానికి వీపు చూపకుండా, ఎత్తి చూసిన రాయిని మళ్లీ అలాగే పెట్టి రండి. నీరు తిరిగి ఎక్కడం మొదలయ్యాక వెనుక దారి మూసుకుపోవచ్చు కనుక, పాటు అట్టడుగుకు చేరిన సమయానికే అక్కడి నుంచి ఒడ్డుకు తిరిగి రావడం మొదలుపెట్టాలి. మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటి: లోతు లేని నీటిలో నడిచేటప్పుడు అడుగులు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడిస్తే, ఇసుకలో దాగిన టేకు చేప అలికిడి విని తప్పుకుంటుంది. దాని ముల్లు దిగితే గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ప్రశ్న: బీచ్‌లో దొరికే గవ్వలు, శంఖాలు పిల్లలు ఏరుకోవచ్చా? దుకాణాల్లో అమ్మే పగడపు కొమ్మలు కొనవచ్చా?
(ఒక పాఠకురాలు, భీమవరం)

సమాధానం: పగడపు కొమ్మలు కొనకండి. పగడాలకూ, సీ హార్స్‌లకూ, కొన్ని రకాల శంఖాలకూ వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. దుకాణంలో బహిరంగంగా అమ్ముతున్నారన్నది చెల్లే సాకు కాదు. ఇసుక మీది మామూలు గవ్వలు పిల్లలు ఏరి, చూసి, ఆడుకుని అక్కడే వదిలేస్తే మంచిది. ఖాళీగా కనిపించే గవ్వల్లో కొన్నింటిలో సన్యాసి పీత ముడుచుకుని ఉంటుంది. గవ్వను అరచేతిలో పెట్టుకుని రెండు నిమిషాలు కదలకుండా ఉండమని పిల్లలకు చెప్పండి, లోపల పీత ఉంటే కాళ్లు బయటపెడుతుంది.